లాంతరు ఆర్పిన కాలు

విగ్రహానికి కుడికాలు లేదు.

మోకాలి దాకా ఉంది. అక్కణ్ణించి ఇనుపచువ్వ ఒక్కటే గాల్లోకి పొడుచుకొచ్చింది. పిక్క ఒకచోట, పాదం ఒకచోట శిక్షణశాల చాపల మీద పడి ఉన్నాయి. పాదానికి ఉండాల్సిన చిటికెనవేలు ఎటు దొర్లిపోయిందో ఇంకా దొరకలేదు.

"ఎవరు చేశారీ ఘనకార్యం?" అంది ఈ ఇంటి కూతురు, గుమ్మంలోనే ఆగిపోయి.

శిల్పి మామూలుగా మాటలపుట్ట. మట్టి పిసుకుతూ ఆవిడ చెప్పని కబురంటూ ఉండదు. అలాంటిది ఇప్పుడు చాప మీద గొంతుక్కూర్చుని, "రెండు నెలల కాలు... రెండు నెలల కాలు..." అని అదే మాట తిప్పి తిప్పి అంటోంది.

నీడ అని అందరూ పిలిచే పెద్దాయన మూల బల్ల మీద కూర్చుని, చిరిగిన గుద్దుల సంచికి దబ్బనంతో కుట్లు వేస్తున్నాడు. వేసిన కుట్టే మళ్ళీ వేశాడు. గమనించుకోలేదు.

నీడ అంటే తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. నాలుగు నెలల కిందట కన్నుమూసిన ఈ ఇంటి హీరో తెర మీద దూకాల్సిన చోట దూకి, పడాల్సిన చోట పడి, వెనకనుంచి మాత్రమే కనిపించిన మనిషి ఇతను. షూటింగు వాళ్ళు పెట్టిన పేరు అలాగే అతుక్కుపోయింది. దూకడం మానేసి ముప్ఫై రెండేళ్ళయినా పేరు మాత్రం ఊడిపోలేదు. హాలు ఊడవడం, సంచులు కుట్టడం, నేర్చుకునేవాళ్ళకి ఒకటీ రెండూ మూడూ అని అంకెలు అరవడం, ఇదీ అప్పట్నుంచీ అతని పని. హాలు వెనక గది అతని ఇల్లు.

"నేనే చేశాను" అన్న మాట మేడమెట్ల మీంచి వచ్చింది.

హీరో భార్య చేతికర్ర మీద బరువు మోపుకుంటూ ఒక్కో మెట్టే దిగుతోంది. కర్ర చివర ఇంకా మట్టి అంటుకునే ఉంది.

"ఈ కర్రతోనే. కావాలంటే రెండో కాలు కూడా విరగ్గొడతాను, సమానంగా ఉంటాయి."

"అమ్మా! మూడింటికి కంచు పోతకి అచ్చు తీసేవాళ్ళు వస్తున్నారు. ఇవాళ పోతే వాళ్ళు మళ్ళీ రెండు నెలల దాకా దొరకరు. ఆవిష్కరణ ఇరవై రోజుల్లో పెట్టుకుని..."

"పెట్టుకుంటే? అది మీ నాన్న కాలు కాదు."

"కాలు కాకపోవడమేంటి?"

"ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆ కాళ్ళకి మందు రాసిందాన్ని నేను. షూటింగునుంచి వచ్చి మంచం మీద వాలడం, కాలు నా ఒళ్ళో పడెయ్యడం. కళ్ళు మూసుకుని పట్టుకున్నా చెబుతాను. ఆయన పిక్క మీద మచ్చన్నది లేదు. పొద్దున తడిగుడ్డ తీసి చూద్దును కదా, ఇంత గాటు! పాము పడుకున్నట్టు!"

శిల్పికి అప్పటికి నోరు పెగిలింది.

"అమ్మగారూ, నేను పెట్టలేదండీ! ఫోటోలో ఉంది, చేశాను. ఫోటోలో తోక ఉంటే తోక చేస్తాను. నా పని అదే."

ఫోటో గోడకే ఉంది. నిలువెత్తుది, పాత నెగెటివు వెతికించి విగ్రహం కోసం పెద్దది చేయించినది. దాన్ని చూడని ఇల్లు ఆ రోజుల్లో లేదు. గోదాము మిద్దె మీంచి దూకిన మనిషి గాల్లోనే తిరిగాడు. వీపు మనవైపు ఉంది, ముఖం కనబడదు. కుడికాలు చాచి ఉంది. పాదం ముందర, దూలానికి వేలాడుతున్న లాంతరు. పగలకుండా, ఒలకకుండా, గాలి కోతతోనే దీపం ఆరిపోవాలి. లాంతరు తన్ను! హీరోని హీరో చేసింది ఆ ఒక్క తన్నే. దాన్ని అనుకరించబోయి ఎన్ని ఇళ్ళలో ఎంతమంది చేతులు విరగ్గొట్టుకున్నారో లెక్కలేదు. ఇప్పటికీ ఈ హాలుకి జనం వచ్చేది ఆ తన్ను నేర్చుకోవడానికే.

కూతురు ఫోటో దగ్గరికి వెళ్ళి నిలబడింది. మోకాలి దాకా మడిచిన ప్యాంటు, దాని కింద పిక్క, పిక్క మీద వేలంత పొడుగు మచ్చ. చిన్న పోస్టర్లలో ఎన్నడూ కనబడలేదు. ఇంత పెద్దది చేశాక కనబడకుండా పోదు.

ఆమె వెనక్కి తిరిగింది. తల్లి కూడా తిరిగింది. శిల్పి కూడా.

ముగ్గురి చూపూ ఒక్కచోటే ఆగింది. నీడ పనిలో ఉన్నాడేమో, ప్యాంటు మోకాలి దాకా మడుచుకుని ఉన్నాడు.

అతను గబుక్కున సంచి గుడ్డ లాక్కుని కాలు కప్పుకున్నాడు. కప్పుకున్నాక అనిపించింది, ఎందుకు కప్పుకున్నానా అని.

"ఓహో! అదా సంగతి" అంది పెద్దావిడ. "దొంగచాటుగా ఈవిడ ముందు నిలబడి నీ కాలు దింపించుకున్నావన్నమాట. నా మొగుడి మొహం కింద నీ కాలు!"

"ఒట్టు వదినా. నేను నిలబడలేదు."

"నిలబడమని నేనే బతిమాలానండీ" అంది శిల్పి. "ఈ పెద్దాయన దణ్ణం పెట్టి పారిపోయాడు. రెండు రోజులు నాకు మొహం కూడా చూపించలేదు."

కూతురు వచ్చి అతని ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. సంచి గుడ్డ పక్కకి తీసింది. చిన్నప్పటినుంచీ చూస్తున్న కాలే. ఆ మచ్చ మీద వేలితో రాస్తూ నిద్రపోయిన రోజులున్నాయి.

"బాబాయ్, లాంతరు ఆర్పింది నువ్వా?"

నీడ ఫోటోలోని లాంతరు వైపు చూశాడు.

"ఆరలేదమ్మా" అన్నాడు. "నేను దూకినప్పుడు ఆరలేదు."

"నువ్వు చూశావా?"

"చూళ్ళేదు. మీ నాన్న చెప్పాడు."

అంతే. అయినా చెప్పడానికి అతని దగ్గర ఉన్నదెంత? మిద్దె అంచు గుర్తుంది. అన్నా అని తను పిలిచే హీరో వీపు మీద చెయ్యి వేసి, "మెల్లిగా రా, తొందరేం లేదు" అనడం గుర్తుంది. దీపం మీదికి రావడం గుర్తుంది. అరికాలికి వెచ్చగా ఏదో తగిలింది. అది లాంతరు సెగో, తర్వాత ఆసుపత్రిలో పెట్టిన వేడినీళ్ళ సంచో ఇప్పటికీ తేలలేదు. కళ్ళు తెరిచేసరికి తలకి కట్టు, పక్కన కుర్చీలో అన్న.

"ఆరలేదురా. టేకు పోయింది" అన్నాడు అన్న. "తర్వాత నేనే చేశాను. నువ్వింక దూకొద్దు. నీవల్ల కాదు."

నీవల్ల కాదు. ఆ మాటతోనే అతను దూకడం మానేశాడు. ఆ మాటతోనే ఈ ఇంటికొచ్చి చీపురు పట్టుకున్నాడు. పనికిరాని మనిషికి నీడ ఇచ్చిన చెట్టని అన్నకి రోజూ మనసులో దణ్ణం పెట్టుకున్నాడు. ఇప్పుడొక మట్టికాలు విరిగేసరికి, ఆ దణ్ణాలన్నీ ఎవరికి పెట్టినట్టో తెలియకుండా పోయింది.

కూతురు లేచి ఫోన్ తీసింది. ఆ సినిమా తీసిన దర్శకుడు పోయాడు, కెమెరా పట్టినవాడు పోయాడు. మిగిలింది మేకప్ మామయ్య ఒక్కడే. ఎనభై నాలుగేళ్ళు. ముందు తన మోకాళ్ళ వార్తలు, ఆ తర్వాత నడుము వార్తలు చదవందే విషయంలోకి రాడు. అవన్నీ విన్నాక ఆమె ఫోన్ గొంతు పెంచి బల్ల మీద పెట్టింది.

"మామయ్యా, నాన్న కుడిపిక్క మీద మచ్చ ఉండేదా?"

"ఎందుకుండదూ? పొద్దున తొమ్మిదింటికి ఉండేది. సాయంత్రం ఆరింటికి ఉండేది కాదు."

తనే నవ్వుకున్నాడు. ఇక్కడెవరూ నవ్వలేదు.

"సరిగ్గా చెప్పు మామయ్యా."

"సరిగ్గానే చెబుతున్నా. మొదటి సినిమాలో రేకుల కప్పు మీంచి పడి నీడగాడి పిక్క చీరుకుపోయింది. కుట్లేశారు. గాటు ఉబ్బి అలాగే ఉండిపోయింది. రంగు పూస్తే చెమటకి కారిపోయేది. వీడి మచ్చ నేను తియ్యలేను కదా? అందుకని మీ నాన్నకే మచ్చ పెట్టేవాణ్ణి. మైనం ముద్ద తీసి, వేలంత సాగదీసి, పిక్కకి అతికించి రంగెయ్యడం. అప్పట్నుంచీ ప్రతి సినిమాలోనూ ఇద్దరికీ మచ్చే. వెనకనుంచి చూస్తే కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. ఒకరోజు నిద్రమత్తులో నీడగాడి మచ్చ మీదే ఇంకో మచ్చ పెట్టేశానంటే చూసుకో!"

"అయితే లాంతరు తన్ను ఎవరిది?"

అవతల కుర్చీ కిర్రుమంది.

"నాకెలా తెలుస్తుందే తల్లీ? ఆ రోజు మీ నాన్నకి మచ్చ పెట్టి, జ్వరమొచ్చి నేను మధ్యాహ్నమే ఇంటికొచ్చేశాను. దాంతో పెద్ద పేచీ. ఆ మైనం గెంతుకి ఆగదు. పిక్క బిగిస్తే చాలు, చిట్లిపోయేది. ప్రతి టేకుకీ కొత్త మచ్చ పెట్టాల్సిందే. గోదాము మాకిచ్చింది ఆ ఒక్కరోజే, నేను లేకపోతే రెండో టేకు ఎలా తీస్తారని దర్శకుడు మర్నాడు నన్ను తిట్టని తిట్టు లేదు. ఇంతకీ ఎందుకు ఇప్పుడివన్నీ? నా మోకాలికి ఏదో కొత్త మందొచ్చిందన్నావు..."

కూతురు ఫోన్ పెట్టేసింది.

"విన్నారుగా అందరూ!" అంది పెద్దావిడ. "మైనం. అది ఆయన కాలే, మీదున్నది మైనం. మైనం మచ్చని కంచులో పోస్తారా ఎక్కడైనా? ఆ పిక్క అతికించి, మచ్చ చదును చెయ్యి. మూడింటికల్లా కానివ్వు."

నెగ్గిన మనిషిలా అంది గానీ ఆ ముఖంలో నెగ్గిన వెలుగు లేదు. కర్ర టకటకలాడించుకుంటూ మెట్లెక్కబోయి, రెండు మెట్లెక్కి ఆగింది. వెనక్కి తిరిగి నీడ కాలు వైపు ఒకసారి చూసింది.

నీడ దబ్బనం సంచికే గుచ్చి, లేచి తన గదిలోకి వెళ్ళిపోయాడు.

గదిలో మంచం, ట్రంకుపెట్టె, గోడకి హీరో ఫోటో. అతను మంచం మీద కూర్చుని కుడికాలు చాచి చూసుకున్నాడు. మచ్చ అక్కడే ఉంది. నువ్వు ఏం చేశావో చెప్పు అని అడిగితే చెప్పేలా లేదు.

కూతురు తలుపు తోసుకుని వచ్చింది.

"ఆవిష్కరణ రోజు వేదిక మీద ఆ తన్ను నేను తన్నాలి, బాబాయ్. తన్ని, ఇది మా నాన్న తన్ను అని చెప్పాలి. ఎవరిదని చెప్పను?"

"నాన్నదే అని చెప్పు."

"నువ్వు సినిమా చూశావు కదా? నీ వీపు నువ్వు పోల్చుకోలేకపోయావా?"

"నా వీపు నేనెప్పుడు చూశానమ్మా?" అన్నాడు. "సినిమా చూస్తూ ఈల కూడా వేశాను."

ఆమెకి నవ్వొచ్చింది, ఆ నవ్వు మధ్యలోనే తెగిపోయింది.

"ఒక్క మాట చెప్పు. నాన్న నాకు ఆ తన్ను నేర్పేటప్పుడు ఎప్పుడూ కుర్చీలోంచి లేవలేదు. నడుము తిప్పు, మెడ వంచు అని నోటితో చెప్పేవాడు. ఒక్కసారి చేసి చూపించమంటే మోకాలు బాగోలేదనేవాడు. నిజంగా మోకాలేనా?"

"మోకాలు బాగుండేది కాదు, నిజమే."

"తన్నకముందు నుంచా, తన్నిన తర్వాతనుంచా?"

అన్న మోకాలు ఎప్పుడు చెడిందో అతనికి గుర్తులేదు. అసలు ఇవాళ ఏది ముందో ఏది వెనకో ఒక్కటీ వరసలో నిలబడటం లేదు.

"నీకు కోపం రావట్లేదా బాబాయ్?"

"ఎవరి మీద?"

ఈలోగా బయట కర్ర చప్పుడయింది. పెద్దావిడ గుమ్మంలోకి వచ్చింది. ఈ గదిలో ఆమె కాలు పెట్టి ఏళ్ళయింది. కూతురి వైపు చూడకుండానే, "ఆ శిల్పికి భోజనం పెట్టు పో. కడుపు మాడి ఇంకెన్ని మచ్చలు పెడుతుందో" అంది.

కూతురు వెళ్ళింది. అడుగుల చప్పుడు మాత్రం తలుపు దాటాక ఆగిపోయింది.

పెద్దావిడ ట్రంకుపెట్టె మీద కూర్చుంది. చాలాసేపు గోడకున్న ఫోటోనే చూసింది. నీడ నిలబడే ఉన్నాడు.

"కూర్చో. నువ్వు అలా నిలబడితే నేను చెప్పలేను."

కూర్చున్నాడు.

"పిల్ల పుట్టిన రోజు గుర్తుందా నీకు?"

"ఎలా గుర్తుంటుంది వదినా? నాకు ఒంటి మీద తెలివే లేదు."

"నువ్వు పడిన రోజే, ఆ ఆసుపత్రిలోనే. నువ్వు పై అంతస్తులో, నేను కింద. సాయంత్రం ఆయన వచ్చారు. వేషం కూడా తియ్యలేదు. మోకాలి దాకా ప్యాంటు, ముఖం నిండా రంగు. నర్సు చూసి జడుసుకుంది. వచ్చి నా మంచం పక్కన నేల మీద చతికిలబడ్డారు. కాలు నా చేతికి అందేలా ఉంది. మాట్లాడటం లేదు, కదలడం లేదు. ఏం చెయ్యాలో తోచక ఆ మైనం మచ్చని గోటితో గిల్లాను."

నీడ చెయ్యి తన పిక్క మీదికి వెళ్ళింది.

"ఒక్క ముక్కగా ఊడొచ్చింది. బల్లిపిల్లలా నా అరచేతిలో పడుకుంది. ఎక్కడా బీట లేదు. చిన్న గీత కూడా లేదు."

పెద్దావిడ తన అరచెయ్యి చూసుకుంది.

నీడకి మైనం సంగతి ఒకరు విప్పి చెప్పక్కర్లేదు. పిక్క బిగిస్తే చిట్లే మైనం. మధ్యాహ్నం పెట్టినవాడు ఇంటికెళ్ళిపోయాడు, రెండోసారి పెట్టేవాడు లేడు. సాయంత్రానికి చెక్కు చెదరకుండా ఉందంటే, ఆ కాలు ఆ రోజు గెంతలేదు. ఆ రోజు తప్ప గోదాము లేదు.

అన్న దూకలేదు. రెండో టేకన్నదే లేదు.

"నాకప్పుడేమీ తెలియలేదు" అంది పెద్దావిడ. "సినిమా వచ్చాక, జనం ఆయన్ని భుజాల మీద మోస్తుంటే, అప్పుడు తట్టింది. ఆ మైనం ముక్క అరచేతిలో మళ్ళీ కదిలినట్టయింది."

"అన్నని అడగలేదా?"

"అడిగితే చెప్పేసేవారు. అందుకే అడగలేదు."

నీడ తల వంచుకున్నాడు. సంతోషం వస్తుందేమోనని కాసేపు చూశాడు. రాలేదు. కోపం కోసం చూశాడు. అదీ రాలేదు. లాంతరు ఆరింది, లాంతరు ఆరింది అని లోపల ఎవరో అంకెలు అరిచినట్టు అరుస్తున్నారు. అంతే వినబడుతోంది.

"వదినా, ఒక్కటి అడుగుతాను. ఆ రోజు నీ దగ్గరికి వచ్చినప్పుడు... నవ్వుతూ వచ్చాడా?"

పెద్దావిడ కర్రని రెండు చేతులతో పట్టుకుంది. గెడ్డం దాని మీద ఆనించింది.

"బిడ్డ మొహం చూడలేదు. ఆడపిల్లా, మగపిల్లాడా అని కూడా అడగలేదు. 'వాడు బతుకుతాడా' అన్నారు. 'ఎవరు?' అన్నాను నేను. మళ్ళీ అదే మాట. 'వాడు బతుకుతాడా.' తెల్లారేదాకా అదే."

తలుపు ధడాలున తెరుచుకుంది.

"బతికాడుగా!" అంది కూతురు. "బతికాక ఏం చేశాడు నాన్న? లాంతరు ఆరలేదని చెప్పి, ఆర్పిన కాలుకి చీపురిచ్చాడు. ఆ తన్ను తనదని చెప్పుకున్నాడు. దీన్నేమంటారమ్మా? దొంగతనం అనరూ?"

"నోర్ముయ్! నీకేం తెలుసని?" పెద్దావిడ లేవబోయి లేవలేకపోయింది. "ఆరిందని తెలిస్తే ఈ మనిషి ఆగేవాడా? తర్వాతి సినిమాకి రెండు మిద్దెల మీంచి దూకేవాడు. అక్కడే పోయేవాడు. నీవల్ల కాదంటే గానీ ఆగడని ఆ మాటన్నారు. ఆ మాట వల్లే ఇవాళ నీ ఎదురుగా కూర్చున్నాడు."

"అయితే ఆ తన్ను పోస్టరు మీద తన పేరెందుకు వేయించుకున్నాడు? అదీ బాబాయ్‌ని బతికించడానికేనా?"

పెద్దావిడ ముందు గోడ మీది ఫోటో వైపు చూసింది, తర్వాత నీడ వైపు.

"అది నాకు తెలియదు" అంది. "ముప్ఫై రెండేళ్ళుగా అదే నాకు తెలియదు."

తల్లీకూతుళ్ళు ఇద్దరూ నీడ వైపు చూశారు, వీళ్ళలో ఎవరిది నిజమో అతని ముఖం మీద రాసి ఉన్నట్టు. అతనికి తెలిస్తే కదా? దొంగిలించిన మనిషీ, బతికించిన మనిషీ ఇద్దరూ ఒకే కుర్చీలో కూర్చుని, ఒకే గొంతుతో "నీవల్ల కాదురా" అంటున్నారు. ఒకణ్ణి తిడదామంటే రెండోవాడు అడ్డొస్తున్నాడు.

వీధిలో వ్యాన్ హారన్ మోగింది.

మూడు కాకముందే వచ్చేశారు. ఇద్దరు మనుషులు, నాలుగు ప్లాస్టర్ బస్తాలు, రెండు పెద్ద తొట్లు. శిల్పి అప్పటికే పిక్క అతికించి, పాదం అతికించి, అతుకులు తడిచేత్తో దిద్దేసింది. చిటికెనవేలు దొరకలేదు, కొత్తది చేసింది. కాలు మళ్ళీ గాల్లోకి లేచింది. పిక్క మీద మచ్చ మాత్రం ఇంకా అలాగే ఉంది.

"భోజనం చేస్తూ కూడా ఆలోచించానండీ" అంది శిల్పి. "ఈ మచ్చ ఒక్కటే తేల్చండి. ఉంచనా, తీసెయ్యనా? ఒక్క వేలు రాస్తే పోతుంది. పోతే మళ్ళీ రాదు."

"ఉంచండి" అంది కూతురు.

"తీసెయ్యి" అంది తల్లి. "అది ఉంటే నేను ఆవిష్కరణకి రాను. ఆయన్ని నలుగురి నోళ్ళలో పడేసి, ముందు వరసలో కూర్చోమంటావా నన్ను?"

"అది తీస్తే నేను ఆ తన్ను తన్నను. ఈ హాల్లో ఇంకెవరికీ నేర్పను కూడా. ఎవరిదో చెప్పలేని తన్ను నాకొద్దు."

"తేల్చుకోండమ్మా, తొందరగా" అన్నాడు ప్లాస్టర్ మనిషి, బస్తా మూతి విప్పుతూ. "నీళ్ళలో కలిపామంటే మా చేతుల్లో ఉండదు. పావుగంటలో రాయైపోతుంది."

శిల్పి ఇద్దరివైపూ చూసింది. తర్వాత ఇద్దర్నీ వదిలేసి నీడ వైపు తిరిగింది.

"పెద్దాయనా, కాలు మీది. మీరు చెప్పండి."

కాలు మీది. ఎంత మామూలుగా అనేసింది! ఆ మాట తన అన్న నోటినుంచి వినాలని అతనికి ఎన్నడూ తోచను కూడా తోచలేదు. ఇప్పుడు ఒక పరాయి మనిషి, చేతులు తుడుచుకుంటూ అనేసింది.

నీడ నడిచి వెళ్ళి విగ్రహం పక్కన నిలబడ్డాడు. ఎత్తున అన్న ముఖం ఉంది. శిల్పి ఎంత బాగా చేసిందో, పెదవి చివర ఆ చిన్న వంపు కూడా వచ్చింది. వీపు మీద చెయ్యి వేసి "మెల్లిగా రా" అన్నప్పుడు అలాగే ఉండేది. "నీవల్ల కాదురా" అన్నప్పుడూ అలాగే ఉండేది.

అతను చెయ్యి చాచి, కుడిచేతి బొటనవేలు మచ్చ మీద పెట్టాడు. మట్టి చల్లగా ఉంది. మెత్తగా ఉంది. కొంచెం నొక్కి పక్కకి రాస్తే ఇక ఉండదు. వేలు వెనక్కి తీసుకుంటే మచ్చ అలాగే ఉంటుంది.

"బాబాయ్" అంది కూతురు.

పెద్దావిడ కర్రని వదిలేసి, గోడ పట్టుకుని నిలబడింది.

"లాంతరు ఆరిందన్నమాట" అన్నాడు నీడ. ఎవరితోనూ కాదు, ఆ మట్టి ముఖంతో.

ప్లాస్టర్ మనిషి తొట్టి మీద బస్తా ఎత్తిపట్టుకుని ఉన్నాడు. "ఏమంటారు? కలపమంటారా, వద్దంటారా?"

ముప్ఫై రెండేళ్ళు ఆ హాల్లో అంకెలు అరిచిన గొంతు. చిన్నగా రావడం దానికి అలవాటు లేదు.

"కలపండి!"

తెల్లటి పొడి నీళ్ళలో పడింది. ముగ్గురు ఆడవాళ్ళూ ముందుకు వంగారు. నీడ బొటనవేలు మాత్రం ఇంకా మచ్చ మీదే ఉంది. దాని కింద ఏముందో, ఏం పోయిందో ఎవరికీ కనబడలేదు.